కలెక్టరు కచేరి నుండి గ్రామసభకు

ప్రతి సోమవారమునాడు జగిత్యాలలోను సిరిసిల్లలోను కలెక్టరు కార్యాలయములందు ప్రజావాణి జరుగును. పల్లెలనుండి ఉదయముననే బస్సులెక్కి వచ్చినవారు చేత అర్జీలు పట్టుకొని వరుసలో నిలువబడుదురు. ఒకరిది పాసుపుస్తకము సంగతి, ఒకరిది పింఛను, మరియొకరిది ఊరి మంచినీటి గొట్టము. ఆ వరుసలో అప్పుడప్పుడు వార్డు సభ్యులును సర్పంచులును కూడ కనిపింతురు. ఊరివారు ఓట్లువేసి యెన్నుకొన్న ప్రతినిధి తన వాడకట్టు మోరీ బాగుచేయించుటకు అధికారికి అర్జీ పెట్టుకొనుట మనకెంత సహజముగా తోచుచున్నదో గమనింపుడు. కలెక్టరు మంచివాడైనచో పని యగును. ఆయనకు బదిలీ యైనచో కథ మరల మొదటికి వచ్చును.

అర్జీలను పుచ్చుకొను ఆవలి ప్రక్క కుర్చీలలో పదునారు సంవత్సరములు పనిచేసి, ఒకనాడు తన యిష్టముచేతనే లేచి వెలుపలికి వచ్చిన తెలుగు అధికారి యొకరు గలరు. ఆయనయే డాక్టరు నాగభైరవ జయప్రకాశ్ నారాయణ. బీహారునకు చెందిన లోకనాయకుని పేరే యీయనదియు. కాని వీరు వేరు. ఆయన కుర్చీని ఏల విడిచిరి? విడిచి ఏమి సాధించిరి? ఏమి సాధింపలేకపోయిరి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పంచాయతీ సభ్యులకు ఆ జీవితమునుండి అక్కరకు వచ్చునదేమి? ఈ నెల పాఠములో మేము వీనినే విచారింప దలచితిమి. ఏ పార్టీని పొగడుటకుగాని నిందించుటకుగాని ఈ వ్యాసము వ్రాయబడలేదు.

వైద్యుడు కలెక్టరైన వృత్తాంతము

జయప్రకాశ్ నారాయణ 1956వ సంవత్సరము జనవరి 14న మహారాష్ట్రములోని నాగ్‌భీడ్‌లో జన్మించిరి. గుంటూరు వైద్య కళాశాలలో చదివి వైద్యులైరి. 1975 నుండి 1977 వరకు దేశములో నడచిన అత్యవసర పరిస్థితియు, దాని తరువాతి రాజకీయ పరిణామములును ఆయన మనస్సును ప్రజాపరిపాలనవైపు త్రిప్పినవి. అఖిల భారత పరీక్షలో ఎనిమిదవ స్థానము పొంది 1980లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగమున ప్రవేశించిరి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆయన అనేక పదవులు నిర్వహించిరి. విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము కొరకు భూములు కోల్పోయిన కుటుంబముల యువకులకు శిక్షణయు ఉపాధియు కల్పించు పనిని చేపట్టిరి. ప్రకాశం, తూర్పుగోదావరి జిల్లాలకు కలెక్టరుగా నుండిరి. గవర్నరునకును, ముఖ్యమంత్రికిని కార్యదర్శిగా పనిచేసిరి. పల్లె యందలి కాలువ గట్టు మొదలు రాజధాని యందలి మంత్రివర్గపు దస్త్రము వరకు ప్రభుత్వ యంత్రము ఎట్లు తిరుగుచుండునో ఆయన తన కన్నులతో చూచిరి. అట్టి అధికారి ముందు ఇంకను ఉన్నత పదవులు ఎన్నో యుండగా, 1996లో ఉద్యోగమునకు రాజీనామా యిచ్చిరి.

అధికారికిని ప్రతినిధికిని గల భేదము

ఈ రాజీనామా యొక్క అర్థము తెలియవలెనన్నచో అధికారికిని ప్రతినిధికిని గల భేదమును మొదట తెలిసికొనవలెను. అధికారి పోటీ పరీక్షలో నెగ్గి నియమింపబడును. ఆయనకు రాజ్యాంగము రక్షణ నిచ్చినది. విచారణ లేక తొలగింపరాదు. ఆయన పై యధికారికి జవాబుదారి. ఊరివారికి కోపము వచ్చినను ఆయనను దించజాలరు. సంతోషము కలిగినను ఆయనను నిలుపుకొనజాలరు. ప్రతినిధి అట్లుగాదు. ఆయన ఊరివారి ఓటుచేత వచ్చును, ఊరివారి ఓటుచేతనే పోవును. అధికారి చట్టమును అమలు జరుపును. ప్రతినిధి ఊరికేమి కావలెనో నిర్ణయించును. ఇద్దరును అవసరమే. ఒకరి పని మరియొకరి నెత్తిపై పడినప్పుడే చిక్కు వచ్చును.

నిజాయితీగల కలెక్టరు ఒక జిల్లాలో రెండు మూడేండ్లు చక్కగా పనిచేసినాడనుకొందము. బడికి పంతుళ్లు వేళకు వచ్చుచుందురు, ఆసుపత్రిలో మందులు దొరకుచుండును. ఆయన బదిలీయై వెళ్లిన ఆరునెలలకు పంతులు మరల ఆలస్యముగా వచ్చును. ఏలనన, పంతులు వేళకు వచ్చినది కలెక్టరునకు వెరచి. ఊరికి వెరచి కాదు. జయప్రకాశ్ నారాయణకు కలిగిన సందేహము ఇదియే. ఆటగాండ్రను మార్చుటచేత ఆట మారదనియు, ఆట నియమములను మార్చవలెననియు, ప్రజలకు అతి చేరువలోనున్న ప్రభుత్వమునకు అధికారమును ధనమును ఇచ్చి, లెక్క అడుగు హక్కును ప్రజల చేతిలో పెట్టవలెననియు ఆయన నిశ్చయించుకొనిరి. ఆ తరువాతి ఆయన జీవితమంతయు ఈ ఒక్క తలంపునకు వ్యాఖ్యానము.

లోక్‌సత్తా చేసిన పని

1996లో ఆయన మిత్రులతో కలిసి ప్రజాస్వామ్య సంస్కరణల సంస్థను స్థాపించిరి. లోక్‌సత్తా ఉద్యమము దానినుండియే పుట్టినది. అప్పటికది రాజకీయ పక్షము కాదు. ఊరూర పౌరులను కూడగట్టి, ప్రభుత్వ కార్యాలయమునందు ఏ పనికి ఎన్ని దినములు పట్టవలెనో వ్రాసియున్న పౌరసేవల పట్టికను చేతబట్టుకొని అడుగుట వారి పద్ధతి. పెట్రోలు బంకులలో కొలత సరిగా నున్నదా యని పౌరులచేతనే పరీక్ష చేయించిరి. ఓటర్ల జాబితాలలో చనిపోయినవారి పేర్లును, లేనివారి పేర్లును ఎన్ని యున్నవో ఇంటింటికి తిరిగి చూపించిరి. 1999 ఎన్నికలలో నేరారోపణలు గల అభ్యర్థుల పేర్లను ప్రకటించిరి.

ఇవి చిన్న పనులవలె కనిపించును. కాని వీనినుండి పెద్ద మార్పులకు దారి యేర్పడినది. ఎన్నికలలో పోటీచేయువారు తమపై గల క్రిమినల్ కేసులను, ఆస్తులను, అప్పులను, చదువును ప్రమాణపత్రములో తెలుపవలెనని సుప్రీంకోర్టు 2002 మే నెలలో తీర్పు చెప్పెను. ఆ తీర్పును నీరుగార్చుటకు తెచ్చిన చట్టపు సెక్షనును 2003 మార్చిలో అదే న్యాయస్థానము కొట్టివేసెను. ఆ రెండవ వ్యాజ్యమున అర్జీదారులలో లోక్‌సత్తాయు ఒకటి. నేడు శాసనసభకు పోటీచేయువాని ఆస్తి యెంతో మీ ఊరి టీకొట్టు దగ్గర చర్చించుకొనగలుగుచున్నారన్నచో అట్టి పోరాటముల ఫలమే.

సమాచార హక్కు చట్టము కొరకు దేశమున పలువురు పలుచోట్ల శ్రమించిరి. రాజస్థాన్‌లో కూలీలు తమ పనుల లెక్కలు చూపుడని అడిగి ఆ ఉద్యమమునకు ప్రాణము పోసిరి. తెలుగు నేలపై దానికి గొంతు నిచ్చినవారిలో లోక్‌సత్తా ముఖ్యమైనది. 2005 అక్టోబరు 12 నుండి ఆ చట్టము పూర్తిగా అమలులోనికి వచ్చినది. చిన్న వ్యాజ్యములను పల్లెకు చేరువలోనే తీర్చుటకు ఉద్దేశింపబడిన 2008 నాటి గ్రామ న్యాయాలయముల చట్టము కొరకును లోక్‌సత్తా వాదించినది. కేంద్రములో 2004న ఏర్పడిన జాతీయ సలహామండలిలోను, తరువాత రెండవ పరిపాలనా సంస్కరణల సంఘములోను ఆయన సభ్యులుగా నుండిరి.

ఓట్ల బరిలో

ఉద్యమముచేత చట్టములు వచ్చినను, వానిని నడుపు చేతులు రాజకీయములోనే యున్నవి. ఆ తలంపుతో 2006 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, లోక్‌సత్తా పార్టీని ప్రారంభించిరి. పార్టీ గుర్తు ఈల. 2009లో హైదరాబాదు నగరములోని కూకట్‌పల్లి నుండి జయప్రకాశ్ నారాయణ శాసనసభకు ఎన్నికైరి. ఆ సభలో వారి పార్టీకి ఆయన ఒక్కరే సభ్యులు. 2014లో మల్కాజిగిరి నుండి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయిరి. తరువాత ఎన్నికల పోటీకి దూరముగా నుండి తన సంస్థ ద్వారానే సంస్కరణల పనిని సాగించిరి.

ఓట్ల లెక్కలో చూచినచో ఇది విజయగాథ కాదు. ఈ సంగతిని మేము దాచము. పల్లెలలో ఆ పార్టీ వేళ్లూనలేదు. దీనినుండి పంచాయతీ సభ్యుడు నేర్వదగినది యొకటి కలదు. ఆపదలో నున్నవానికి నియమముకంటె సహాయము ముందు కనిపించును. రాత్రివేళ ఆసుపత్రికి బండి యేర్పాటు చేసిన నాయకుని ఊరివారు మరువరు. ఆసుపత్రి బాగుపడుటకు నియమము మార్పించినవానిని గుర్తింపరు. అది ప్రజల తప్పిదము కాదు. మంచి నియమముచేత తమ యింటికి వచ్చిన మేలును వారి కన్నులకు చూపలేని నాయకుని లోపమది. అధికారి భాష నుండి ఊరి భాషకు వచ్చుట కలెక్టరు పదవి నుండి దిగుటకంటె కష్టమైన పని.

జపానులో ఇట్టివాడే మరియొకరు

అధికారి ప్రతినిధిగా మారి, పల్లెల యందు మిక్కిలి ఫలితము చూపిన ఉదాహరణ మొకటి జపానులో కలదు. మొరిహికొ హిరమత్సు అనునాయన 1924లో క్యూషూ దీవియందలి ఒయిత రాష్ట్రమున జన్మించిరి. న్యాయశాస్త్రము చదివి 1949లో ఆ దేశపు వాణిజ్య పరిశ్రమల శాఖలో ఉద్యోగియై, ఎలక్ట్రానిక్ పరిశ్రమల విధానమును తీర్చిదిద్దు పదవులవరకు ఎదిగిరి. 1975లో తన సొంత రాష్ట్రమునకు ఉపగవర్నరుగా తిరిగివచ్చిరి. 1979లో ఎన్నికలలో నెగ్గి గవర్నరైరి. ఆ దేశములో గవర్నరును ప్రజలే యెన్నుకొందురు. ఆరు పర్యాయములు వరుసగా గెలిచి 2003 వరకు ఆ పదవిలో నుండిరి. 1995లో ప్రభుత్వ సేవకుగాను ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 2016లో మరణించిరి.

ఆయన చేపట్టినపుడు ఒయిత పల్లెలనుండి యువకులు పట్టణములకు వెళ్లిపోవుచుండిరి. పల్లెలు ముసలివారి పల్లెలగుచుండెను. 1979లో ఆయన ‘ఒక గ్రామము, ఒక వస్తువు’ అను ఉద్యమమును ఆరంభించిరి. ప్రతి ఊరును తనకు గర్వకారణమగు వస్తువు నొకదానిని ఎన్నుకొని, దానిని దేశమంతయు మెచ్చునట్లు చేయవలెను. ఏ వస్తువో గవర్నరు చెప్పడు, ఊరే నిర్ణయించుకొనవలెను. ఊరికి నేరుగా సబ్సిడీ యివ్వరు. శిక్షణ, పరిశోధన, అమ్మకమునకు దారి చూపుట వరకే ప్రభుత్వము పని. నాయకులను తయారు చేయుటకు సాయంకాలపు పాఠశాలలు కూడ పెట్టించిరి.

ఆ తలంపు సైతము ఆయన సొంత బుర్రలో మాత్రమే పుట్టినది కాదు. ఒయామా అను కొండపల్లెవారు వరి పండింపుడను పై వారి సలహాను ప్రక్కనబెట్టి, 1961 నుండియే తమ నేలకు తగిన ప్లమ్ పండ్ల చెట్లను, చెస్ట్‌నట్ గింజల చెట్లను నాటుకొని బాగుపడిరి. హిరమత్సు చేసినది దానిని చూచి, గౌరవించి, ఇతర గ్రామములకు చూపుట. హిమెషిమా దీవివారు రొయ్యల పెంపకమును, మరికొందరు ఎండు పుట్టగొడుగులను, కొందరు కబోసు అను పుల్లని నిమ్మజాతి పండును ఎన్నుకొనిరి. తరువాత థాయిలాండు మొదలుగాగల దేశములు ఈ పద్ధతిని తమకు తగినట్లు మార్చుకొని అనుసరించినవి. మన దేశమున ఒక జిల్లా, ఒక ఉత్పత్తి యను పథకమునకును మూలము ఈ తలంపులోనే యున్నది.

ఇద్దరు అధికారులును ఒక్క చోటికే వచ్చి చేరిరి. పైనుండి వచ్చినది పై వారి చల్లని చూపు ఉన్నంతవరకే నిలుచును. ఊరు తానుగా నిర్ణయించి, తానుగా లెక్క చూచుకొన్నది ఊరితోపాటు నిలుచును.

మన ప్రాంతపు అనుభవము

ఇది మన ప్రాంతమునకు పరాయి సంగతి కాదు. ఒకప్పుడు ఈ పల్లెలలో ప్రభుత్వమనగా పటేలు, పట్వారి. వారి వెనుక దొర. సామాన్యుని మాటకు చోటు దొరకని చోట అలజడి పుట్టును. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిన సంగతి పెద్దలకు జ్ఞాపకమే. ఆనాడు భూమి, కూలి, వెట్టి గురించి ఊరిలోనే వినువారుండి, ఊరిలోనే తీర్పు జరిగియున్నచో, అన్ని ప్రాణములు పోయెడివి కావేమో. 1980ల మధ్యకు పటేలు, పట్వారి పద్ధతి రద్దైనది. ఆ కాలముననే మండలములు వచ్చినవి. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడి, కరీంనగరము వరకు పోవలసిన పని తప్పినది. అధికారి మనకు దగ్గరైనాడు. కాని అధికారి దగ్గరగుట వేరు, అధికారము మన చేతికి వచ్చుట వేరు.

చేతికి వచ్చిన అధికారమునకును మన దగ్గర ఉదాహరణలు గలవు. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము, మనమందరము సెస్ అని పిలుచునది, 1970లో ఏర్పడినది. దేశములో మొట్టమొదట నెలకొల్పిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో నది యొకటి. తక్కిన జిల్లాలలో కరెంటు కంపెనీ యిచ్చును. ఇక్కడ వాడుకరులే సభ్యులు, వారే డైరెక్టర్లను ఎన్నుకొందురు. పూర్వపు కరీంనగరము జిల్లాలోనిదే యగు ముల్కనూరులో 1956లో ఆరంభమైన సహకార గ్రామీణ బ్యాంకు రైతులకు అప్పు, విత్తనము, ఎరువు, పంట అమ్మకము అన్నిటిని ఒక్క చోట సమకూర్చి దేశమునకే పేరుగాంచినది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము సంఘములను ప్రభుత్వపు పెత్తనము నుండి విడిపించుటకు దారి తీసినది. అటుపిమ్మట 2002లో ముల్కనూరు స్త్రీలు తమ సొంత పాల డెయిరీని నడుపుట ప్రారంభించిరి.

చేతికి రాని అధికారమునకును ఉదాహరణలు గలవు. సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు ప్రభుత్వపు ఆర్డరును బట్టి హెచ్చుచు తగ్గుచు నుండును. 2017 నుండి కొన్ని యేండ్లు బతుకమ్మ చీరల పని వచ్చినది; మగ్గములు నిండుగా తిరిగినవి. ఆ యార్డరు నిలిచిన యేడు నేతన్న ఇంట పొయ్యి వెలుగుటకు కష్టమైనది. ఆర్డరు మంచిదే. కాని అగ్గిపెట్టెలో పట్టునట్టి చీరను నేయగల చేతులున్న ఊరు ఒక్క కొనుగోలుదారుని చూపుపై ఆధారపడవలసిన గతి యేల? కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల చెరకు రైతులు ఆధారపడిన ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడినది. చెరకు పండించుటకు నేల యున్నది, రైతు ఉన్నాడు. నిర్ణయము మాత్రము ఎక్కడనో జరిగినది. ఈ ప్రాంతపు పసుపునకు, జగిత్యాల మామిడికి, పొలాస పరిశోధన కేంద్రమునుండి వచ్చిన జగిత్యాల సన్నాలకు ఉన్న పేరును ఊరు తన సొత్తుగా మలచుకొనుట ఇంకను మిగిలియున్న పని. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. బోర్డు దారి చూపగలదు. ఆరబెట్టుట, ఉడుకబెట్టుట, శుభ్రపరచుట, కలిసి అమ్ముట అనునవి పల్లెలే చేయవలెను.

పంచాయతీ లేని రోజులు

ఇటీవలి అనుభవము మరియొకటి జ్ఞాపకము చేసికొనుట మంచిది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. పంచాయతీ గడువు అయిదేండ్లు. గడువు తీరకమునుపే ఎన్నిక జరుగవలెను అని రాజ్యాంగము చెప్పుచున్నది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పదునొకండవ షెడ్యూలులో వ్రాయబడినవి. అయినను 2024 ఫిబ్రవరి ఆరంభమున తెలంగాణ పల్లెలలో పాలకవర్గముల గడువు ముగిసిన తరువాత, 2025 డిసెంబరులో ఎన్నికలు జరుగువరకు, ప్రత్యేకాధికారులే పంచాయతీలను నడపిరి. ఒక్కొక్క యధికారికి పలు గ్రామములు. ఎన్నికైన పాలకవర్గములు లేనందున కేంద్ర ఆర్థికసంఘపు గ్రాంటులు కూడ నిలిచినవి. ఆ యధికారులలో శ్రద్ధగలవారు లేకపోలేదు. కాని తమ వాడలో దీపము వెలుగకపోయినచో ఎవరి తలుపు తట్టవలెనో ఊరివారికి తెలియకపోయెను. జయప్రకాశ్ నారాయణ యేండ్లతరబడి వాదించిన సంగతి ఆ దినములలో పుస్తకము చదువకయే ప్రతి పల్లెకు తెలిసినది.

అధికారము వచ్చిన చేతులకు బాధ్యత

పంచాయతీకి అధికారము కావలెనని కోరువారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలెను. ‘ఊరి పెత్తనము ఊరికే యిచ్చినచో పాత దొర పోయి కొత్త కాంట్రాక్టరు దొర రాడా?’ అని యడుగువారున్నారు. ఈ భయము వట్టిది కాదు. లెక్క చూపని పంచాయతీ కలెక్టరు కచేరికంటె చెడ్డది. ఏలనన కలెక్టరుపై అర్జీ పెట్టుటకు రాజధాని యున్నది, ఇరుగుపొరుగువానిపై అర్జీ పెట్టుటకు మొగమాటమడ్డము వచ్చును. కావున అధికారమును లెక్కయును జంట యెద్దులవలె ఒక్క కాడికి కట్టవలెను. ఒక యెద్దు లాగి రెండవది నిలిచినచో బండి గోతిలో పడును.

ఇందుకు చట్టములో సాధనములు ఇప్పటికే యున్నవి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలలకు ఒకసారియైనను జరుగవలెను. చెక్కుపై సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకమును ఉండవలెను. పారిశుద్ధ్యము, వీధిదీపములు, మొక్కలు, పనులు మొదలగువానిని చూచుటకు నాలుగు స్థాయీసంఘములు ఏర్పడవలెను. వానిలో సభ్యులు కాని ఊరివారికిని చోటున్నది. సమాచార హక్కు చట్టము క్రింద గ్రామస్థాయి కార్యాలయములో అర్జీకి రుసుము లేదు. మండల స్థాయిలో అయిదు రూపాయలు, అంతకుపైన పది రూపాయలు. ముప్పది దినములలో జవాబు రావలెను. అడుగకమునుపే తమ లెక్కలను తామే ప్రకటింపవలెనని అదే చట్టపు నాలుగవ సెక్షను చెప్పుచున్నది.

సభ్యులకు మా సూచనలు ఇవి.

మొదటిది: గ్రామసభ తేదీని దండోరా వేయించి, కూలివారు పనినుండి తిరిగి వచ్చిన వేళకు పెట్టుడు. పదిమంది సంతకములతో ముగియు సభ సభ కాదు. ఆడవారికి ముందు మాటాడు అవకాశమిండు.

రెండవది: నెలసరి జమాఖర్చులను పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. ఇంటి పన్ను ఎంత వచ్చెను, గ్రాంటు ఎంత వచ్చెను, బ్లీచింగుకు ఎంత, దీపములకు ఎంత, ట్రాక్టరు డీజిలుకు ఎంత. లెక్క కనిపించిన చోట పన్ను అడుగుటకు మొగము చెల్లును.

మూడవది: పైకి పంపవలసిన పనినే పైకి పంపుడు. ఊరిలోనే తీరు పనిని ప్రజావాణికి పంపకుడు. ఏ పని ఎవరిదో జాబితా వ్రాసికొన్నచో సగము అర్జీలు ఊరిలోనే తీరును.

నాలుగవది: మీ ఊరికి పేరు తేదగిన వస్తువు ఏదో గ్రామసభలో చర్చింపుడు. పసుపో, మామిడియో, నేతయో, పాలో. ప్రభుత్వము ఏమిచ్చునని కాక, మనము మొదట ఏమి చేయగలమని ప్రశ్న వేసికొనుడు. మహిళా సంఘముల పొదుపు దీనికి మూలధనము కాగలదు.

అయిదవది: అధికారులతో పోట్లాట పెట్టుకొనకుడు. మంచి యధికారి యున్న కాలమును నియమములను నిలుపుకొను కాలముగా వాడుకొనుడు. ఆయన చేసిన మేలు తీర్మానముగా పంచాయతీ పుస్తకమునకెక్కినచో, బదిలీ యుత్తరువు దానిని చెరపజాలదు.

జయప్రకాశ్ నారాయణ కుర్చీని విడుచుట గొప్ప. ఆ కుర్చీ యెదుట వరుసకట్టి నిలుచు అలవాటును మనము విడుచుట అంతకంటె గొప్ప. రానున్న సోమవారము మీ ఊరివారు కొందరు అర్జీలతో బస్సెక్కుటకు సిద్ధమగుచుందురు. వారిని ఒక్క నిమిషము పంచాయతీ అరుగుపై కూర్చుండబెట్టి, ఆ కాగితమును చదువుడు. అది మీరే తీర్పదగిన పనియైనచో, బస్సు ఛార్జీయు, ఒక దినపు కూలియు వారికి మిగిలించినవారగుదురు. స్వపరిపాలన అక్కడనే ఆరంభమగును.

సభ్యులు చర్చించుకొనవలసిన ప్రశ్నలు

1. గడచిన ఆరునెలలలో మన ఊరినుండి ప్రజావాణికి వెళ్లిన అర్జీలు ఏవి? వానిలో పంచాయతీయే తీర్పదగినవి ఎన్ని?

2. మంచి యధికారి వెళ్లిపోయిన తరువాత మన ఊరిలో ఆగిపోయిన పని యేదైన కలదా? దానిని నిలుపుటకు ఏ తీర్మానము చేయవలసియుండెను?

3. మన నాలుగు స్థాయీసంఘములు కడపటిసారి ఎప్పుడు కూడినవి? ఏమి నిర్ణయించినవి?

4. మన ఊరి జమాఖర్చులు ఊరివారు అడుగకయే చూడగల చోట ఉన్నవా?

5. మన ఊరు తన పేరుతో అమ్మదగిన వస్తువు ఏది? దానికి మనమే చేయదగిన మొదటి పని యేది?